దుప్పటి మీద ఏం రాలింది?

ముప్పై ఏళ్ళు నిండకుండానే ఉద్యోగ జ్ఞాపకాలు రాస్తున్నాడేమిటని నవ్వేవాళ్ళు నవ్వండి. రాయడానికి కూర్చునే ముందు నేనూ కాసేపు నవ్వుకున్నాను. కానీ బీదర్ గంజ్ మార్కెట్లో నేను చేసిన ఆ ఉద్యోగం ఇప్పుడు లేదు. దుకాణం ఉంది, సేటు ఉన్నాడు, కౌంటర్ ఉంది. నా కుర్చీలో మాత్రం ఇప్పుడు యూరియా బస్తా కూర్చుంది. పని పూర్తయింది కనుక లేచి వచ్చేశాను. ఆ లెక్కన నేను రిటైరైనవాడినే.

కాలేజీల్లో చదువుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నన్ను తరచూ ఒక ప్రశ్న అడుగుతారు. "అన్నా, చాట్‌బాట్‌కు ప్రాంప్ట్ ఎట్ల రాయాలె?" వీడియోలు చూసి వస్తారు. "నువ్వు ప్రపంచంలోనే గొప్ప నిపుణుడివి" అని మొదలుపెడితే జవాబులు బాగా వస్తాయట, నిజమేనా అంటారు. నేను సూటిగా చెప్పను. నిర్ణా అనే ఊళ్ళో ఒక అక్క వేసిన కందిచేను సంగతి చెబుతాను. ఓపిక ఉన్నవాళ్ళు వింటారు. లేనివాళ్ళు వీడియోలకే తిరిగి వెళ్తారు.

మా సేటుది విత్తనాలు, ఎరువులు, పురుగుమందుల దుకాణం. వాళ్ళ తాత కాలం నుంచీ గంజ్‌లోనే ఉన్న తెలుగు వ్యాపారుల కుటుంబం. సేటు ఇంట్లో తెలుగు, ఆఫీసుల్లో కన్నడం, హమాలీలతో దక్కనీ ఉర్దూ, కోపం వస్తే మూడూ కలిపి మాట్లాడతాడు. వానలు మొదలైతే దుకాణం ఫోను ఆగకుండా మోగేది. "ఫోన్ ఎత్తి ఎత్తి నా చెవు అప్పం లెక్క అయితాంది, ఇంజనీరూ! ఏదన్న చెయ్యి" అన్నాడు ఒకరోజు. నేను చేసిన 'ఏదన్న' చాట్‌బాట్. రైతు దుకాణం నంబరుకు సందేశం రాసినా, మాట రికార్డు చేసి పంపినా అది వెంటనే బదులిస్తుంది. పగలు, రాత్రి తేడా లేదు. చాయ్ అడగదు.

ప్రాంప్ట్ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. పనిలో కొత్తగా చేరినవాడికి మొదటిరోజు ఉదయం మనం చెప్పే మాటలే ప్రాంప్ట్. ఒక్కటే తేడా, ఈ పనివాడికి రెండో రోజు రాదు. ఎన్ని వేలమంది గిరాకీలు వచ్చినా ప్రతి ఒక్కరి దగ్గరా అతనికి అదే మొదటి ఉదయం. మనం చెప్పడం మరిచిపోయినది అతను నాలుగు రోజులు పోయాక చూసి నేర్చుకుంటాడులే అనుకోవడానికి వీల్లేదు.

ఇదంతా ఇప్పుడు చెబుతున్నాను. అప్పుడు నేను రాసిన ప్రాంప్ట్ మాత్రం చూడముచ్చటగా ఉండేది. విభాగాలు, ఉపవిభాగాలు, అంకెల కింద అక్షరాలు. రైతు ఏ భాషలో అడిగితే ఆ భాషలో జవాబివ్వాలి. అందరినీ గౌరవంగా పలకరించాలి. మన దగ్గర ఉన్న మందుల పేర్లే చెప్పాలి. మోతాదు సీసా మీద ఉన్నట్టే చెప్పాలి. సేటు నా వెనక నిలబడి తన వంతు కలిపాడు.

"గిరాకీ మాట కాదనొద్దు. రాసినవా?"

"రాశాను సేటు."

"గిరాకీ ఉత్త చేతుల్తోటి పోవద్దు. అది?"

"అదీ రాశాను."

"మా తాత చెప్పిన మాటలివి. పైన రాయి, కింద మూలకు పెట్టకు."

పైనే రాశాను. తర్వాత పరీక్ష పెట్టాను. వ్యవసాయ పుస్తకాలు ముందేసుకుని, కందికి ఫలానా పురుగు ఫలానా దశలో వస్తే ఏం చేయాలి అని వరుసగా అడిగాను. అన్నిటికీ చక్కగా చెప్పింది. పుస్తకం భాషలో అడిగినవాడిని నేను, పుస్తకం భాషలో జవాబిచ్చింది అది. ఇద్దరం ఒకరినొకరు మెచ్చుకున్నాం. కౌంటర్ దగ్గర ఒక అన్న ఉండేవాడు, దుకాణంలో అందరికంటే పాతకాపు. అతను తెర మీదికి తొంగిచూసి, "మంచిగ మాట్లాడ్తాంది. పెండ్లి చూపులకు పంపొచ్చు" అన్నాడు.

వానాకాలమంతా సజావుగా సాగింది. విత్తనం రేటు ఎంత, దుకాణం ఎప్పుడు తెరుస్తారు, ఫలానా ఎరువు వచ్చిందా, అన్నీ అదే చెప్పేది. సేటు పక్క దుకాణాల వాళ్ళను పిలిచి మరీ చూపించాడు. రైతులు కౌంటర్ దగ్గరికి వచ్చి ఫోను తెర చూపించేవాళ్ళు, అన్న దాన్ని చూసి మందు తీసి ఇచ్చేవాడు. మిషన్ అన్నీ అడిగే చెప్పి ఉంటుందని అన్న నమ్మకం. ఏదైనా తేడా ఉంటే అన్న అడుగుతాడులే అని నా నమ్మకం. ఇద్దరం నిశ్చింతగా ఉన్నాం. తమ్ముళ్ళూ, ఇద్దరి దగ్గరా తాళంచెవి ఉన్న తలుపు అసలు వేయకుండా ఉండిపోయేది ఇలాగే.

కంది పూతకు వచ్చే రోజులు వచ్చాయి. రోజూ ఉదయం ముందురోజు రైతులు పంపిన సందేశాలు చదివి, ఊరివారీగా పట్టిక వేయడం నా అలవాటు. ఆ ఉదయం పట్టికను రెండుసార్లు సరిచూశాను. హుమ్నాబాద్ వైపు ఊళ్ళు, బీదర్ చుట్టుపక్కల ఊళ్ళు, ఏ ఊరు చూసినా ఒకటే మాట. తెలుగులో "అంత పోయింది". కన్నడంలో "ఎల్లా హోయ్తు". దక్కనీలో "సబ్ గయా". నేను దానికి రంగులు కూడా వేశాను. మొత్తం ఎరుపు. పట్టుకుని సేటు దగ్గరికి పరుగెత్తాను.

"సేటు, జిల్లాలో కంది మొత్తం పోయింది! వ్యవసాయ శాఖకు వెంటనే చెప్పాలి!"

సేటు అద్దాలు పెట్టుకుని చూశాడు. ఒక్కో ఊరి పేరూ చదివాడు. ఆ తర్వాత మొదలైంది నవ్వు. నవ్వి నవ్వి దగ్గు పట్టుకుని గద్దె మీద ఒరిగిపోయాడు. కౌంటర్ అన్న నీళ్ళ గ్లాసు పట్టుకొచ్చాడు.

"ఏమైంది సేటు?"

"ఈ ఇంజనీరు... పోరడు... అరే, పంట మంచిగున్నదని ఏ ఊళ్ళె ఎవడన్న చెప్పిండారా ఇప్పటిదాంక? నోటితోటి అంటే దిష్టి తగుల్తది. గాదెలు నిండినా 'ఏముంది, పోయింది' అనే అంటరు. మీ ఇంట్ల అనరా?"

అంటారు. ఎవరైనా "పిల్లాడు పుష్టిగా ఉన్నాడు" అంటే మా అమ్మ వెంటనే "ఎక్కడ, ఏం తింటడు వాడు!" అని నా ముందే కొట్టిపారేస్తుంది. ఈ మర్యాద నాకు తెలుసు, నేను పుట్టిందే ఆ మర్యాదలో. అయినా ప్రాంప్ట్ రాసేటప్పుడు అది చెప్పాల్సిన విషయమని తోచలేదు. అందరికీ తెలిసిన సంగతి ఎవరికీ చెప్పం కదా.

సేటు నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకుంటూ ఆగాడు.

"మరి నీ మిషన్ వాళ్ళకు ఏం జవాబిచ్చింది?"

దాని జవాబులు తెరిచి చూశాను. గిరాకీ మాట కాదనొద్దన్నాం. కనుక పంట పోయిందని రైతు అంటే పోయిందనే నమ్మింది. ఉత్త చేతులతో పంపొద్దన్నాం. కనుక ప్రతి ఒక్కరికీ పంటను కాపాడే గట్టి మందులు, ఒక్కోచోట రెండు కలిపి కొట్టమని, మహా వినయంగా చెప్పింది. చెట్టు నిండా పూత ఉందా, పురుగు కనబడిందా, ఒక్క మాట అడగలేదు. అడగమని నేనెక్కడా రాయలేదు.

"పూత మీద రెండు గట్టి మందులు కలిపి కొడ్తరా?" కౌంటర్ అన్న ముఖం మారిపోయింది. "పూత రాల్తది. తేనెటీగలు చస్తయి. నేను ఇచ్చిన కదా నిన్న..."

ముగ్గురం ఫోన్ల మీద పడ్డాం. మా అదృష్టం, రైతులు ఎవరు చెప్పినా వెంటనే చేసే రకం కాదు. ఒకాయన, "మీ మిషన్ చెప్పింది, మా ఆమె వద్దన్నది, ఆగిన" అన్నాడు. ఇంకొకాయన, "నేను ఉత్తగనే మాట్లాడి చూసిన, టైంపాస్" అన్నాడు. మందు కొన్నవాళ్ళు కొద్దిమందే. వాళ్ళకూ విషయం చెప్పి ఆపగలిగాం. ఒక్క నంబరు మాత్రం ఎంతకీ ఎత్తలేదు. నిర్ణా అక్క.

ఆమె నాకూ గుర్తే. మాట పదును వల్ల దుకాణంలో ఎవరూ మరిచిపోలేరు. ఏళ్ళ తరబడి ఇతరుల చేలల్లో కూలికి వెళ్ళిన మనిషి. ఆ ఏడు మొదటిసారి తన పేరు మీద భూమి కౌలుకు తీసుకుని కంది వేసింది. ఇంట్లోవాళ్ళు వద్దన్నారు. ఆడమనిషి ఒక్కతే చేను పట్టుకుని ఏం చేస్తుందని మరిది ఊరంతా చెప్పి నవ్వాడట. ఈ ఒక్క పంట నిలబడితే భూమి యజమాని వచ్చే ఏడూ ఆమెకే ఇస్తానన్నాడు. నిలబడకపోతే ఆ చేను మరిది చేతికి పోతుంది. ఇదంతా విత్తనం కొనేటప్పుడు ఆమే అన్నకు చెప్పింది.

"నిన్న పొద్దుగూకంగ మందు తీస్కపోయింది," అన్నాడు అన్న. "పంపు కొట్టేటోడు ఇయ్యాలనే దొరికిండట. ఇయ్యాల కొట్టిస్తాంది."

సేటు గల్లాపెట్టె మీదున్న బండి తాళంచెవి తీసి అన్న చేతిలో పెట్టాడు. నా వైపు తిరిగి, "నువ్వు గూడ పో. నీ మిషన్ పోలేదు కదా" అన్నాడు.

హుమ్నాబాద్ రోడ్డు మీద లారీల మధ్య అన్న బండి నడుపుతుంటే వెనక కూర్చుని ఆ నంబరుకు మళ్ళీ మళ్ళీ చేస్తూనే ఉన్నాను. మోగుతుంది, ఎత్తరు. నిర్ణా చేరి, చేను ఎక్కడో ఒకరిని అడిగి, గట్టు మీద నుంచి చూస్తే అక్క కనిపించింది. నీళ్ళ డ్రమ్ము పక్కన ఉంది, పంపు వీపుకు తగిలించుకున్న మనిషి సిద్ధంగా నిలబడి ఉన్నాడు, అక్క చేతిలో సీసా ఉంది. మూత ఇంకా తీయలేదు.

"అక్కా! ఆగు! కలపకు!" అన్న గట్టు మీద నుంచే అరిచాడు.

"ఎందుకు? నకిలీదా?"

"నకిలీది కాదు. అక్కర లేదు!"

అక్క సీసా కిందపెట్టి నడుం మీద చేతులు వేసుకుంది. "విన్నవా?" అంది పంపు మనిషితో. "మందుల దుకాణపోడు బీదర్ నుంచి బండేసుకొని వచ్చి మందు అక్కర లేదంటుండు. ఇయ్యాల వాన పడ్తది సూడు."

"ఫోన్ ఎందుకు ఎత్తలేదు అక్కా?" అన్నాను నేను.

"తెల్వని నంబర్లన్ని లోన్ ఇస్తమనేటోళ్ళయి. నువ్వెవరు తమ్మీ?"

"ఆ మిషన్‌కు చెప్పేది నేనే."

"ఓహో. దాని అయ్యవా?"

అప్పుడు నేను చేను వైపు చూశాను. నేను టౌనులో పెరిగినవాడిని, కందిచేను పూత మీద ఉండగా అంత దగ్గర నుంచి చూడటం అదే మొదటిసారి. గట్టు నుంచి గట్టు దాకా పసుపు. చెవి నిండా తేనెటీగల రొద. "అబ్బా, ఎంత బా..." అన్నానో లేదో, అన్న నా కాలు తొక్కాడు.

"ఏమంటుండు?" అంది అక్క, చూపు తిప్పకుండా.

"ఎంత బాధగుందో అంటుండు, నీ చేను చూసి," అన్నాడు అన్న.

"మరి? అంత పోయింది," అంది ఆమె తృప్తిగా.

"అక్కా, నిజం చెప్పు, పురుగు చూసినవా?" అన్నాను.

"నీ మిషన్ ఆ మాట అడిగిందా? అడిగితే చెప్పకపోదునా? ఎట్లున్నది పంట అన్నది, పోయింది అన్న. ఇగ మందుల పేర్లు మొదలుపెట్టింది. అంత పెద్ద చదువు చదివిన మిషన్ చెప్తుంటే, నాకు కనబడని రోగమేదో దానికి కనబడుతుందేమో అనుకున్న."

నేను కింద ఉన్న సీసా తీసి డ్రమ్ముకు దూరంగా పెట్టాను.

పంపు మనిషి విసుక్కున్నాడు. "అక్కా, కొట్టాల్నా వద్దా? రేపటి సంది నేను దొరక. అవతల చెరుకు పని ఉన్నది."

చిక్కంతా అక్కడే ఉంది. కొడితే పూత రాలే భయం. కొట్టకుండా పంపేస్తే, ఆ తర్వాత పురుగు వస్తే, కొట్టేవాడు దొరకడు. మేం వద్దన్నాం కనుక పంట పోయిందంటే ఆ ఏడుతో ఆమె కౌలు ముగిసినట్టే. అక్క మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసింది. నవ్వు పోయింది.

"నిన్న మీ దుకాణమే కొట్టుమన్నది. ఇయ్యాల మీ దుకాణమే వద్దన్నది. ఏది పట్టుకోవాలె నేను?"

"మమ్మల్ని పట్టుకోకు," అన్నాడు అన్న. "దుప్పటి ఉన్నదా?"

మా జిల్లాలో కందికి పురుగు పడిందేమో చూడాలంటే చెట్టు కింద దుప్పటి పరిచి చెట్టును ఊపడం పాత అలవాటు. పురుగులు రాలిపడితే ఏరి పారేసేవాళ్ళు. మందులు వచ్చాక ఆ పని తగ్గింది, కానీ మరిచిపోయినవాళ్ళు లేరు. అక్క చేని కొసకున్న గుడిసెలోంచి గళ్ళ దుప్పటి తెచ్చింది. ఒక చెట్టు కింద పరిచాం, ఊపాం. ముగ్గురం వంగి చూశాం. ఎండిన పూలు, నాలుగు చీమలు, ఒక సాలెపురుగు. ఇంకో సాలులో మరో చెట్టు. ఒక చిన్న ఆకుపచ్చ పురుగు, దానికీ పెద్దగా ఓపిక ఉన్నట్టు లేదు. అవతలి గట్టు దగ్గర, మధ్యలో, డ్రమ్ము పక్కన అన్నిచోట్లా ఊపాం. మోకాళ్ళకు మట్టి అంటింది గానీ దుప్పటి మీద పురుగులు లేవు. పంపు మనిషి కూడా చివరికి పంపు దించి, "ఈడ గూడ చూడుండ్రి" అంటూ తనే ఊపాడు.

అక్క దుప్పటి దులిపి మడతపెట్టింది.

"పో అయ్యా నువ్వు," అంది పంపు మనిషితో. "అవసరం పడితే వస్తవు గదా?"

"చెప్పిన కదా, చెరుకు..."

"మంచిది, పో." తర్వాత నా వైపు చూసింది. "మల్ల ఎప్పుడు దులపాలె?"

"అది మిషన్ గుర్తుచేస్తుంది అక్కా."

"అదా?" అంది. మడతపెట్టిన దుప్పటి చంకలో పెట్టుకుని గుడిసె వైపు నడిచింది.

తిరిగి వచ్చాక సేటు అడిగాడు, "బంద్ చేద్దామా దీన్ని?" కోపంగా కాదు, నిజంగానే అడిగాడు. నేను ఒక్కరోజు గడువు కోరాను. ఆ మధ్యాహ్నం కౌంటర్ అన్నను నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఈసారి పరీక్షలో అడిగేవాడు నేను కాదు. అన్న రైతుగా మాట్లాడతాడు, నేను ప్రాంప్ట్ మారుస్తాను.

ముందుగా ఆ మర్యాద సంగతే రాశాను. "ఇక్కడి రైతులు పంట బాగుందని నోటితో అనరు. అది అబద్ధం కాదు, జాగ్రత్త. పోయింది అంటే నమస్కారం లాంటి మాట అనుకో. దాన్ని బట్టి మందు చెప్పకు. చేలో కంటికి ఏం కనిపించిందో అడుగు." అన్న ఫోనులో "పంట అంత పోయింది" అని చెప్పాడు. బాట్ పూత సంగతి, ఆకు సంగతి, పురుగు రంగు, నేల తడి, ఎప్పుడు విత్తారు, ఏ విత్తనం, అన్నీ ఒక్క ఊపున అడిగింది.

"ఇదేంది, ఠాణానా?" అన్నాడు అన్న. "నేనే దొంగతనం చేసినట్టున్నది."

ఒక్కసారి ఒక్క ప్రశ్నే అని రాశాను. ఇంకా దయగా మాట్లాడు అని కూడా రాశాను, అది పొరపాటు. మళ్ళీ "పోయింది" అనగానే అది రైతు కష్టానికి సంతాపం ప్రకటించి, ధైర్యంగా ఉండమని, కుటుంబంతో మాట్లాడమని పొడవుగా చెప్పింది.

"చేను బతికే ఉన్నది," అన్నాడు అన్న. "ఇది దినాలకు వచ్చినట్టు మాట్లాడ్తాంది."

సేటుకు కూడా హుషారు వచ్చింది. అద్దాలు సర్దుకుని, కన్నడంలో తిక్క ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. దయ తగ్గించాను. నీతులు తీసేశాను. విశేషణాలు తీసేశాను. వీడియోలు చూసి నేనూ మొదట్లో రాసిపెట్టిన 'నువ్వు గొప్ప నిపుణుడివి' అన్న మాట కూడా తీసేశాను. "కౌంటర్ దగ్గర ఏళ్ళ తరబడి ఉన్న అన్నలాగా మాట్లాడు" అని ఊరికే చెబితే దానికి ఏం తెలుస్తుంది? అందుకే అన్న నిజంగా ఎలా మాట్లాడతాడో రెండు మూడు సంభాషణలు ఉన్నదున్నట్టు రాసిపెట్టాను. రైతు ఇలా అన్నాడు, అన్న ఇలా అడిగాడు, రైతు ఇది చూసి చెప్పాడు, అన్న ఇది ఇచ్చాడు. ఒక్కోసారి ఏమీ ఇవ్వలేదు. నా విభాగాలూ ఉపవిభాగాలూ నెలల తరబడి చేయలేని పని ఆ రెండు మూడు సంభాషణలు చేశాయి. చివర్లో, తెలియకపోతే తెలియదని చెప్పు, దుకాణానికి రమ్మను అని రాశాను. ఆ అనుమతి లేకపోతే అది పాపం ఏదో ఒకటి చెప్పి తీరుతుంది.

సేటు తాతగారి మాటల దగ్గర ఆగాను. "గిరాకీ ఉత్త చేతులతో పోవద్దు అన్నది ఏం చేద్దాం సేటు?"

సేటు ఆలోచించాడు. "ఉంచు. మందు అవసరం లేదు, దుప్పటి పరిచి చూసుకో అని చెప్పి పంపితే అవి ఉత్త చేతులా? మా తాత సీసాలు అమ్మేటోడు కాదు, విత్తనాలు అమ్మేటోడు."

అన్న ఆఖరుసారి "అంత పోయింది" అన్నాడు. బాట్ రాసింది: "అట్లనా. నాలుగు చెట్ల కింద దుప్పటి పరిచి ఊపి చూడండి. ఏం రాలిందో ఫొటో పంపండి." అంతే.

అన్న ఫోను పక్కన పెట్టాడు. "ఇగ నౌకరీ ఇయ్యొచ్చు దీనికి."

అంతటితో బాట్ బతికింది. అక్క చేను సంగతి మాత్రం తేలలేదు. కొద్ది రోజులకు మబ్బు పట్టింది. మబ్బు పడితే కందికి పురుగు లేస్తుందని గంజ్‌లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నాకు పని మీద మనసు నిలవలేదు. అక్క సందేశాలు మాత్రం విడిగా తెరిచి చూస్తూ ఉన్నాను. బాట్ దులపమని గుర్తుచేసేది, ఆమె ఫొటో పంపేది. ఎండిన పూలు. చీమలు. మళ్ళీ చీమలు. ఒకరోజు ఫొటోతోపాటు ఆమె గొంతు వచ్చింది. "తమ్మీ, నువ్వు వింటున్నవో లేదో. మబ్బు పట్టింది. మా మరిది గట్టు మీదికెళ్ళి నవ్వుకుంట పోతుండు. దుప్పటి సూడు."

చూశాను. గళ్ళ మీద ఆకుపచ్చ పురుగులు, ఒకటీ రెండూ కావు. కిందనే బాట్ జవాబు ఉంది. అవి చేను మొత్తంలో ఉన్నాయా, ఒక వైపే ఉన్నాయా అని అడిగింది. తూర్పు గట్టు పక్కన కొన్ని సాళ్ళలోనే అని ఆమె చెప్పింది. అప్పుడు బాట్, "మందు సంగతి నేను చెప్పను. ఈ ఫొటో తీసుకుని ఇవాళే దుకాణానికి రండి, లేదా అన్నతో మాట్లాడండి" అంది. చదివి నాకు కళ్ళు చెమ్మగిల్లాయి అంటే అతి అవుతుంది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, అంతవరకు నిజం.

ఆమె వచ్చింది. అన్న ఫొటో చూసి, ఆ గట్టు పక్క సాళ్ళకు మాత్రం వేపనూనె మందు ఇచ్చాడు. తేనెటీగలు ఇళ్ళకు పోయాక సాయంత్రం కొట్టమన్నాడు. పంపు మనిషి చెరుకు పనిలోనే ఉన్నాడు. అక్క పక్కింటివాళ్ళ పంపు అడిగి తెచ్చుకుని తనే వీపుకు తగిలించుకుంది. మిగతా సాళ్ళలో రోజూ దులిపి ఏరింది. ఆ రోజుల్లో బాట్ ఆమెను అడిగిన ప్రశ్నలకంటే నేను బాట్‌ను అడిగినవే ఎక్కువ. నిద్ర కూడా సరిగా లేదు. ప్రాంప్ట్ ఎంత బాగా రాసినా పురుగు దాన్ని చదవదు కదా.

చలి ముదిరిన ఒక ఉదయం అక్క దుకాణం మెట్లెక్కింది. నెత్తిన ఒక మూట. కౌంటర్ మీద దించి ముడి విప్పింది. ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చి కందికాయలు, ఇంకా వెచ్చగా ఉన్నాయి. దుకాణంలో ఉన్నవాళ్ళందరూ చుట్టూ చేరారు. హమాలీలు వచ్చారు. సేటు, "అరే, పొట్టంత కింద పోస్తున్నరు, ఊడ్చేటోడు ఎవడు?" అంటూనే అందరికంటే వేగంగా ఒలిచి తింటున్నాడు.

"భూమి యజమాని ఏమన్నడక్కా?" అన్నాడు అన్న.

"వచ్చేటి ఏడు గూడ నాకే అన్నడు. మా మరిది అడగనీకి పోతే, చేను చూసి రాపో అన్నడట." ఆమె ముఖం మీద ఆపుకుంటున్న నవ్వు. "పోయిండు. చూసిండు. నాతోటి మాట్లాడకుంట ఇంటికి పోయిండు."

నేను ఒక కాయ విప్పాను. గింజల పక్కన హాయిగా చుట్టుకుని, ఉడికిపోయిన ఒక లావుపాటి పురుగు. అన్న చూశాడు, సేటు చూశాడు. నేను అక్క వైపు చూశాను, మళ్ళీ ఏదో తప్పు జరిగిందేమోనని.

"ఏంది తమ్మీ, గట్ల చూస్తవు?" అంది ఆమె. "ఒక్కటి గూడ లేకుంటే అది చేనా? దాని హిస్సా దానిది, మన వాటా మనది. పక్కకు పెట్టి తిను."

పక్కకు పెట్టాను. అది వదిలిపెట్టిన గింజలు మూడు. చాలా బాగున్నాయి. ఆ మాట ఆమె ముందు పైకి అనకుండా తిన్నాను.